వెబ్ అప్లికేషను కాన్ఫిగరేషను యూనిట్ టెస్టింగు

వెబ్ అప్లికేషను కాన్ఫిగరేషను యూనిట్ టెస్టింగు అనునది ఒక వెబ్ అప్లికేషను యొక్క అమరికలు ఉద్దేశించిన రీతిలో పనిచేయుచున్నవో లేదో, దానిని అసలు సర్వరుపై ఉంచుటకు ముందే, చిన్న చిన్న పరీక్షల ద్వారా సరిచూచు పద్ధతి. జావా భాషలోని స్ప్రింగు, స్ట్రట్స్ వంటి ఫ్రేమువర్కులలో ఏ చిరునామాకు ఏ క్లాసు స్పందించవలెను, ఏ పేజీని ఎవరు చూడవచ్చును, అక్షరములను ఏ ఎన్‌కోడింగులో చదువవలెను, ఏ డేటాబేసును వాడవలెను మొదలగు నిర్ణయములు చాలావరకు ప్రోగ్రాములో కాక కాన్ఫిగరేషనులో ఉండును. ఈ నిర్ణయముల అర్థమును కంపైలరు పరిశీలించదు. అందుచేత ప్రోగ్రాము మొత్తము సరిగా ఉన్నను, ఒక్క అమరిక తప్పినచో అప్లికేషను తప్పుగా ప్రవర్తించవచ్చును. ఈ వ్యాసము ప్రధానముగా స్ప్రింగు ఫ్రేమువర్కును ఆధారముగా చేసికొని ఈ పద్ధతిని వివరించును.

నేపథ్యము

జావా వెబ్ అప్లికేషనులకు మూలము సర్వ్‌లెట్ ప్రమాణము. తొలి దశలో ప్రతి అప్లికేషనుకు వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అను ఫైలు ఉండి, అందులో సర్వ్‌లెట్లు, ఫిల్టర్లు, వాటి చిరునామాలు నమోదు చేయబడుచుండెను. 2000లో క్రెయిగ్ మెక్‌క్లానహాన్ ఆరంభించిన స్ట్రట్స్ ఫ్రేమువర్కు దీనికి తోడుగా మరియొక ఎక్స్‌ఎంఎల్ ఫైలును చేర్చినది. ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఒక క్లాసు పేరు తప్పుగా వ్రాసినను కంపైలరుకు తెలియదు. అప్లికేషను మొదలైనప్పుడో, వాడుకరి ఆ పేజీని తెరచినప్పుడో మాత్రమే ఆ తప్పు బయటపడును.

2009 డిసెంబరులో వెలువడిన సర్వ్‌లెట్ 3.0 ప్రమాణము, అదే నెలలో వచ్చిన స్ప్రింగు 3.0, కాన్ఫిగరేషనును జావా క్లాసులలోను, యానోటేషన్లలోను వ్రాయు వీలును కల్పించినవి. దీనివలన పేర్లలోని అక్షరదోషములు తగ్గినవి. అయితే కంపైలరు పేరును, రకమును మాత్రమే చూడగలదు. ఒక ఫిల్టరు మరియొక ఫిల్టరుకు ముందు నడువవలెనని గాని, ఒక చిరునామా అధికారులకు మాత్రమే తెరువబడవలెనని గాని దానికి తెలియదు. కాన్ఫిగరేషను రూపము మారినను దానిని పరీక్షించవలసిన అవసరము తొలగిపోలేదు.

చరిత్ర

జావాలో యూనిట్ టెస్టింగుకు ప్రధాన సాధనమైన జేయూనిట్‌ను కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో రూపొందించిరి. జ్యూరిక్ నుండి అట్లాంటాకు విమానములో ప్రయాణించుచు వారు దీని తొలి రూపమును వ్రాసిరి. బెక్ అంతకు ముందే స్మాల్‌టాక్ భాషకు ఎస్‌యూనిట్ అను సాధనమును తయారుచేసి ఉండెను. యానోటేషన్లను వాడు జేయూనిట్ 4 2006లోను, జేయూనిట్ 5 2017లోను వెలువడినవి.

రాడ్ జాన్సన్ 2002లో ప్రచురించిన పుస్తకములోని ప్రోగ్రాము నుండి స్ప్రింగు ఫ్రేమువర్కు పుట్టినది. దాని 1.0 సంచిక 2004 మార్చిలో విడుదలైనది. ఒక వస్తువునకు కావలసిన ఇతర వస్తువులను బయటి నుండి అందించుట స్ప్రింగు మూలసూత్రము. ఇందువలన ఒక్కొక్క క్లాసును విడిగా పరీక్షించుట సులభమైనది. కాని క్లాసులను కలిపి కుట్టు దారము కాన్ఫిగరేషనులోనికి చేరుటచే, ఆ దారమునే పరీక్షించవలసిన అవసరము ఏర్పడినది.

ఇందుకు వచ్చిన ముఖ్యమైన సౌకర్యములు ఇవి:

* 2007 నవంబరులో స్ప్రింగు 2.5తో టెస్ట్ కాంటెక్స్ట్ ఫ్రేమువర్కు వచ్చినది. పరీక్ష క్లాసుపై ఒక యానోటేషను ఉంచి, ఏ కాన్ఫిగరేషనును ఎక్కించవలెనో తెలుపుట దీనితో సాధ్యమైనది.
* 2011 డిసెంబరులో స్ప్రింగు 3.1 జావా కాన్ఫిగరేషను క్లాసులను, ప్రొఫైళ్ళను పరీక్షలలో వాడు వీలు కల్పించినది.
* 2012 డిసెంబరులో స్ప్రింగు 3.2 మాక్ ఎమ్‌వీసీని చేర్చినది. అసలు సర్వరు లేకుండగనే వెబ్ అభ్యర్థనను నడిపించి చూచుటకు ఇది ఉపకరించును.
* 2014 ఏప్రిల్‌లో స్ప్రింగు బూట్ 1.0 వచ్చినది. ఇది చాలా అమరికలను తనంతట తానే నిర్ణయించును. కావున వాడుకరి వ్రాయని కాన్ఫిగరేషనును కూడా పరీక్షించవలసి వచ్చినది.
* 2015 మార్చిలో స్ప్రింగు సెక్యూరిటీ 4.0, ప్రవేశ నియమములను పరీక్షించుటకు ప్రత్యేక భాగమును ఇచ్చినది.

దోషముల రకములు

కాన్ఫిగరేషను దోషములను స్థూలముగా నాలుగు రకములుగా విభజింపవచ్చును.

మొదటిది, లోపించుట. అవసరమైన బీను లేకపోయినచో అప్లికేషను మొదలు కాదు. ఇది బిగ్గరగా బయటపడు దోషము కావున నష్టము తక్కువ. రెండవది, విలువ తప్పుట. అప్లికేషను చక్కగా మొదలగును, పేజీలు తెరుచుకొనును, కాని ఫలితము తప్పుగా ఉండును. మూడవది, క్రమము తప్పుట. ఫిల్టర్లు, ప్రవేశ నియమములు ఒక వరుసలో అమలగును గనుక, వరుస మారినచో అర్థమే మారిపోవును. నాలుగవది, పరిసరములు మారుట. ప్రోగ్రాము వ్రాసినవారి కంప్యూటరులో సరిగా నడిచినది సర్వరులో వేరొక విధముగా నడచును.

మొదటి రకమును పట్టుకొనుటకు కాంటెక్స్టును ఒకసారి ఎక్కించి చూచు పరీక్ష ఒక్కటి చాలును. తక్కిన మూడు రకములు నిశ్శబ్దముగా జరుగును. కాన్ఫిగరేషను పరీక్షల అసలు ప్రయోజనము వాటిని పట్టుకొనుటయే.

పరీక్షల స్థాయిలు

అన్ని అమరికలను ఒకే విధముగా పరీక్షింపరాదు. సాధారణముగా మూడు స్థాయిలు వాడుకలో ఉన్నవి.

ఒంటరి పరీక్ష: కాన్ఫిగరేషనులోని ఒక్క భాగమును మాత్రమే తీసికొని, స్ప్రింగు ఇచ్చు నకిలీ అభ్యర్థన, నకిలీ ప్రతిస్పందన వస్తువులతో నడిపించుట. ఇది అతి వేగముగా ముగియును.

కాంటెక్స్టు పరీక్ష: కాన్ఫిగరేషనును పూర్తిగా గాని కొంతవరకు గాని ఎక్కించి, మాక్ ఎమ్‌వీసీ ద్వారా అభ్యర్థనలు పంపుట. ఒకే కాన్ఫిగరేషనును కోరు పరీక్షలన్నిటికి స్ప్రింగు ఒకే కాంటెక్స్టును దాచి ఉంచి మరల మరల వాడును. కావున ప్రతి పరీక్షకు అమరికలను కొద్దికొద్దిగా మార్చుచుండినచో ప్రతిసారి క్రొత్త కాంటెక్స్టు నిర్మింపబడి, పరీక్షలు మందగించును.

సర్వరు పరీక్ష: టామ్‌క్యాట్ వంటి అసలు సర్వరును ఖాళీగా ఉన్న ఏదో ఒక పోర్టుపై నడిపి, నిజమైన అభ్యర్థన పంపుట. నిర్వచనము ప్రకారము ఇది యూనిట్ పరీక్ష కాదు, సమగ్ర పరీక్ష. కాని కొన్ని అమరికలు ఇక్కడ మాత్రమే కనిపించును.

ఉదాహరణ

వరంగల్‌లో 1959లో స్థాపింపబడిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల (2002 నుండి జాతీయ సాంకేతిక విద్యా సంస్థ), 1976లో స్థాపింపబడిన కాకతీయ విశ్వవిద్యాలయము మొదలగు విద్యాసంస్థలు కలవు. ఇట్టి నగరములోని విద్యార్థులు ఉపకార వేతనమునకు దరఖాస్తు చేసికొనుటకు ఒక సైటు ఉన్నదని ఊహింపుడు. దరఖాస్తులో విద్యార్థి పేరు, ఊరు తెలుగులో నింపవలెను. జిల్లాను పట్టిక నుండి ఎన్నుకొనవలెను. గడువు తేదీ ఒకటి ఉన్నది. దరఖాస్తులను పరిశీలకులు మాత్రమే చూడవలెను. ఈ నాలుగు నియమములును కాన్ఫిగరేషనుపై ఆధారపడినవే.

తెలుగు అక్షరములు

యూనికోడులో తెలుగు అక్షరములు 0సీ00 నుండి 0సీ7ఎఫ్ వరకు గల స్థానములలో ఉన్నవి. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగులో ఒక్కొక్క దానికి 3 బైట్లు పట్టును. "వరంగల్" అను మాటలో వ, ర, సున్న, గ, ల, పొల్లు అను 6 సంకేతములు కలవు. అనగా అది 18 బైట్లుగా ప్రయాణించును.

సర్వ్‌లెట్ ప్రమాణము ప్రకారము, అభ్యర్థనలో ఎన్‌కోడింగు తెలుపనిచో సర్వరు దానిని ఐఎస్‌ఓ-8859-1గా భావించును. అప్పుడు 18 బైట్లు 18 పిచ్చి అక్షరములుగా కనిపించును. దీనిని నివారించుటకు స్ప్రింగులో క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ ఫిల్టరు ఉన్నది. ఇది ఫారములోని విలువలను ఎవరైనను చదువుటకు ముందే నడువవలెను. ఒకసారి చదివిన తరువాత ఎన్‌కోడింగు మార్చినను ఫలితము ఉండదు. కాబట్టి ఫిల్టరు ఉన్నదా అని మాత్రమే కాక, అది ముందు వరుసలో ఉన్నదా అని కూడా పరీక్షింపవలెను.

ఇక్కడ జరుగు నష్టము రెండు విధములు. యూటీఎఫ్-8 బైట్లను ఐఎస్‌ఓ-8859-1గా చదివినచో అక్షరములు చెడినట్లు కనిపించినను, బైట్లు మారకుండ ఉన్నంత వరకు వాటిని తిరిగి రాబట్టవచ్చును. దీనికి విరుద్ధముగా, సరిగా ఉన్న తెలుగు మాటను ఐఎస్‌ఓ-8859-1లో వ్రాయబోయినచో జావా ప్రతి సంకేతమునకు బదులు ఒక ప్రశ్నార్థకమును ఉంచును. "వరంగల్" ఆరు ప్రశ్నార్థకములగును. అది డేటాబేసులో చేరిన తరువాత ఆ విద్యార్థి ఊరు ఏదో ఆ దత్తాంశము నుండి తెలిసికొను మార్గము లేదు. ఈ రెండవ దోషము జరుగకుండ చూచుటయే ఇచ్చటి పరీక్షకు ముఖ్యోద్దేశము.

పరీక్ష వ్రాయునపుడు మూడు మెలకువలు పాటింపవలెను.

* మాక్ ఎమ్‌వీసీలో ఫారము విలువను నేరుగా జావా పదముగా అందించినచో ఎన్‌కోడింగు మార్పిడి అసలు జరుగదు. ఫిల్టరును తొలగించినను ఆ పరీక్ష నెగ్గును. కావున ఫిల్టరును నకిలీ అభ్యర్థనతో ఒంటరిగా పరీక్షించి, అటుపై 18 బైట్లను నిజముగా పంపు సర్వరు పరీక్ష ఒకటి వ్రాయవలెను.
* ఆశించిన ఫలితమును పరీక్ష ఫైలులో తెలుగు అక్షరములుగా కాక యూనికోడు సంఖ్యల రూపములో వ్రాయుట మేలు. జావా 18 (2022 మార్చి)కి ముందు కంప్యూటరు యొక్క స్వంత ఎన్‌కోడింగే జావాకును వర్తించెడిది. ఆ స్థితిలో పరీక్ష ఫైలు కూడా తప్పుగా చదువబడి, రెండు వైపుల ఒకే విధమైన తప్పు ఉండుటచే పరీక్ష నెగ్గుటకు అవకాశమున్నది.
* సందేశములుండు ప్రాపర్టీస్ ఫైళ్ళను కూడా చూడవలెను. జావా 9 (2017) వరకు భాష వీటిని ఐఎస్‌ఓ-8859-1గా చదివెడిది. స్ప్రింగు సందేశ సాధనములకు ఎన్‌కోడింగును వేరుగా తెలుపవలసి యుండును. ఒక్క తెలుగు సందేశమును చదివి సరిపోల్చు పరీక్ష ఇందుకు చాలును.

చిరునామాలో వచ్చు తెలుగు మాటల విషయము వేరు. వాటిని ఏ ఎన్‌కోడింగులో చదువవలెనో నిర్ణయించునది ఫిల్టరు కాదు, టామ్‌క్యాట్ యొక్క స్వంత అమరిక. టామ్‌క్యాట్ 7 వరకు ఇది సహజముగా ఐఎస్‌ఓ-8859-1, టామ్‌క్యాట్ 8 నుండి యూటీఎఫ్-8. కావున దీనిని సర్వరు పరీక్షలోనే చూడగలము.

జిల్లాల పట్టిక

జిల్లాల పేర్లను ప్రోగ్రాములో వ్రాయక కాన్ఫిగరేషను ఫైలులో ఉంచుట వాడుక. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుండి 31 అయినవి. అప్పటి వరంగల్ జిల్లా నుండి ప్రధానముగా వరంగల్ పట్టణ, వరంగల్ గ్రామీణ, జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి మొత్తము 33 అయినవి. 2021 ఆగస్టులో వరంగల్ పట్టణ జిల్లాకు హనుమకొండ అని, వరంగల్ గ్రామీణ జిల్లాకు వరంగల్ అని పేరు మార్చి, సరిహద్దులను సవరించిరి.

పట్టికలో 33 పేర్లు ఉన్నవా అని మాత్రమే చూచు పరీక్ష 2019 మార్పును పట్టుకొనును. 2021 మార్పును పట్టుకొనజాలదు, ఎందుకనగా అప్పుడు సంఖ్య మారలేదు. పైగా "వరంగల్" అను పేరు 2016కు ముందు ఒక ప్రాంతమును, 2021 తరువాత అంతకంటె చిన్నదైన మరియొక ప్రాంతమును సూచించును. కావున పేరునే గుర్తుగా వాడక, ప్రతి జిల్లాకు మారని ఒక సంకేత సంఖ్యను ఇచ్చి, పాత దరఖాస్తులోని సంకేతము నేటికిని దాని అసలు జిల్లానే చూపుచున్నదా అని పరీక్షించుట సరియైన పద్ధతి. లెక్క సరిపోయినంత మాత్రమున అర్థము సరిపోయినదని అనుకొనరాదు.

గడువు సమయము

భారత ప్రామాణిక కాలము సార్వత్రిక కాలము కంటె 5 గంటల 30 నిమిషములు ముందున్నది. గడువు 15వ తేదీ అర్ధరాత్రితో ముగియుననుకొందము. సర్వరు సార్వత్రిక కాలముననుసరించి నడచుచు, అప్లికేషనులో కాలమండలము తెలుపబడి ఉండనిచో, వరంగల్‌లో 16వ తేదీ ఉదయము 5 గంటల 30 నిమిషముల వరకు దరఖాస్తులు స్వీకరింపబడును. ఇందుకు విరుద్ధముగా, దరఖాస్తుల స్వీకరణ 1వ తేదీ తెల్లవారుజామున మొదలు కావలసి ఉండగా 5 గంటల 30 నిమిషములు ఆలస్యముగా మొదలగును.

దీనిని పరీక్షించుటకు గడియారమును కూడా కాన్ఫిగరేషను ద్వారా అందించు ఒక బీనుగా చేయవలెను. పరీక్షలో కదలని గడియారమును అమర్చి, 15వ తేదీ రాత్రి 11 గంటల 59 నిమిషములకు పంపిన దరఖాస్తు స్వీకరింపబడినదని, 16వ తేదీ రాత్రి 12 గంటల 1 నిమిషమునకు పంపినది తిరస్కరింపబడినదని చూడవలెను. పరీక్ష నడుచు కంప్యూటరు భారతదేశములోనే ఉన్నచో దాని స్వంత కాలమండలము దోషమును కప్పిపుచ్చును. అందుచేత పరీక్షను సార్వత్రిక కాలములో కూడా నడుపవలెను.

ప్రవేశ నియమములు

స్ప్రింగు సెక్యూరిటీలో ప్రవేశ నియమములు వ్రాసిన వరుసలోనే పరిశీలింపబడును. అభ్యర్థనకు మొదట సరిపోయిన నియమమే వర్తించును. "లాగిన్ అయిన వారెవరైనను చూడవచ్చును" అను సాధారణ నియమము ముందు ఉండి, "పరిశీలకులు మాత్రమే చూడవలెను" అను ప్రత్యేక నియమము తరువాత ఉన్నచో, రెండవది ఎన్నటికిని అమలు కాదు. విద్యార్థులు ఒకరి దరఖాస్తులను మరియొకరు చూడగలుగుదురు. ఏ పేజీయును చెడిపోదు గనుక ఎవరును ఫిర్యాదు చేయరు.

కావున పరిశీలకుల పేజీకి కనీసము మూడు పరీక్షలు ఉండవలెను: లాగిన్ కానివారిని లాగిన్ పేజీకి పంపవలెను (302), సాధారణ విద్యార్థిని నిరాకరింపవలెను (403), పరిశీలకునికి పేజీ చూపవలెను (200). చివరిది ఒక్కటే వ్రాసి ఊరకుండుట తరచుగా జరుగు పొరపాటు. తలుపు తెరచుకొనుచున్నదా అని చూచుటకంటె, మూసికొనుచున్నదా అని చూచుట ఇక్కడ ముఖ్యము. స్ప్రింగు బూట్ లేని అప్లికేషనులలో మాక్ ఎమ్‌వీసీకి భద్రతా ఫిల్టర్లను ప్రత్యేకముగా జతచేయవలెను. లేనిచో వాటి నియమములు పరీక్షలో నడువనే నడువవు.

క్రొత్తగా చేర్చు పేజీల కొరకు మరియొక ఉపాయము కలదు. అప్లికేషనులో నమోదైన చిరునామాలన్నిటిని స్ప్రింగు నుండే పొంది, బహిరంగ పేజీల చిన్న జాబితాలో లేని ప్రతి చిరునామాయు లాగిన్ కానివారిని నిరాకరించుచున్నదా అని ఒకే పరీక్షలో చూడవచ్చును. నియమము వ్రాయుట మరచినను ఈ పరీక్ష గుర్తుచేయును.

మంచి పరీక్ష లక్షణములు

* కాన్ఫిగరేషనులోని వాక్యమునే తిరిగి వ్రాయక, దాని ఫలితమును పరీక్షింపవలెను. "ఎన్‌కోడింగు విలువ యూటీఎఫ్-8" అని చూచుటకంటె "పంపిన ఊరి పేరు చెడక తిరిగి వచ్చినది" అని చూచుట మేలు.
* పరీక్ష వ్రాసిన పిదప ఆ అమరికను కావలెనని ఒకసారి చెడగొట్టి చూడవలెను. అప్పుడు పరీక్ష ఓడనిచో, ఆ పరీక్ష దేనిని కాపాడుట లేదు.
* పరీక్షల కొరకు వేరుగా వ్రాసిన కాన్ఫిగరేషనును కాక, వీలైనంత వరకు అసలు కాన్ఫిగరేషనునే ఎక్కింపవలెను. డేటాబేసు చిరునామా, రహస్యపదములు వంటివి మాత్రమే ప్రొఫైలు ద్వారా మార్చవలెను.
* అసలు రహస్యపదములను పరీక్ష ఫైళ్ళలో ఉంచరాదు.

పరిమితులు

యూనిట్ పరీక్షలు అప్లికేషను లోపలి కాన్ఫిగరేషనును మాత్రమే చూడగలవు. సర్వరుకు ముందుండు ప్రాక్సీ, ఆపరేటింగు సిస్టము, డేటాబేసు యొక్క స్వంత అమరికలు వాటి పరిధిలో లేవు. పరీక్షలలో సాధారణముగా వాడు మెమొరీ డేటాబేసు తెలుగును చక్కగా నిలువ చేసినను, అసలు డేటాబేసులో పట్టిక మరియొక ఎన్‌కోడింగులో సృష్టింపబడి ఉండవచ్చును. అట్టి చోట్ల అసలు డేటాబేసు రకముతోనే సమగ్ర పరీక్ష చేయవలెను. అప్లికేషనును సర్వరుపై ఉంచిన వెంటనే "వరంగల్" వంటి ఒక తెలుగు మాటను పంపి, తిరిగి చదివి చూచుట కూడా మంచి అలవాటు.

పరీక్షలు మితిమీరినచో ప్రతి చిన్న మార్పుకు వాటిని దిద్దవలసి వచ్చును. కావున తప్పినచో వెంటనే తెలిసిపోవు అమరికలను కాంటెక్స్టు పరీక్షకు వదలి, తప్పినను తెలియక నష్టము కలిగించు ఎన్‌కోడింగు, గడువు, ప్రవేశ నియమముల వంటి వాటిపై దృష్టి నిలుపుట యుక్తము.

ఇవి కూడా చూడండి

* జావా
* స్ప్రింగు ఫ్రేమువర్కు
* జేయూనిట్
* యూనికోడు
* యూటీఎఫ్-8
* భారత ప్రామాణిక కాలము
* తెలంగాణ జిల్లాలు
* వరంగల్